పికప్ వెనక యాక్సిల్ అదుపులో ఉండాలంటే: ఏ పని ముందు, ఏది చివర

పికప్ వెనకాల ఎగురుతోంది, పక్కకి జరుగుతోంది అని చెప్పి చూడండి. హైదరాబాద్‌లో ఏ కమాన్ (లీఫ్ స్ప్రింగ్) షాపుకి వెళ్లినా వచ్చే మొదటి జవాబు దాదాపు ఒకటే: "ఇంకో పట్టీ ఏద్దాం సార్, సెట్ అయితది." పట్టీ వేస్తే బండి వెనక లేస్తుంది, లోడు పడ్డా కూర్చోదు. అంతవరకు నిజమే. కానీ మీ బాధ లోడు మోయలేకపోవడం కాదు, యాక్సిల్ తన చోట తాను నిలవకపోవడం అనుకోండి. అప్పుడు ఆ పట్టీ వల్ల ఖాళీ బండి ఇంకా గట్టిపడి, స్పీడ్ బ్రేకర్ దగ్గర మునుపటికంటే ఎక్కువ గెంతుతుంది.

అందుకే ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు యాక్సిల్‌ని పట్టుకున్న భాగాలను బాగు చేసుకోవాలి. తర్వాత ఊపుని ఆపాలి. ఆ తర్వాత మెలికని ఆపాలి. స్ప్రింగ్ బలం పెంచడం చిట్టచివరి పని, అదీ అవసరమైతేనే. ఇక్కడ చెప్పేదంతా వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలు ఉన్న బండ్ల గురించి. బొలెరో పికప్, టాటా యోధా, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ అన్నీ ఆ కోవవే.

వెనక ఏం జరుగుతోంది

కాయిల్ స్ప్రింగ్ ఉన్న బండిలో బరువు మోసేది ఒకటి, యాక్సిల్‌ని పట్టుకునే రాడ్లు వేరే. కమాన్ కట్టల బండిలో ఆ రెండు పనులూ కట్టలే చేయాలి. బరువు మోయాలి, యాక్సిల్ ముందుకీ వెనక్కీ పోకుండా చూడాలి, పక్కకి జరగకుండా ఆపాలి, గుండ్రంగా తిరగకుండా కూడా అడ్డుకోవాలి. ఈ చివరి పనిలోనే అవి తరచుగా ఓడిపోతాయి.

మీరు క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ బలం చక్రాలను ముందుకి తిప్పుతుంది. దానికి ఎదురుగా యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్ బయటి గొట్టం) వెనక్కి తిరగాలని చూస్తుంది. అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే ముక్కు పైకి లేస్తుంది. దాంతో యాక్సిల్‌కి ముందున్న పట్టీ పైకి, వెనకున్న పట్టీ కిందికి వంగి, కట్ట మొత్తం ఎస్ ఆకారంలో మెలి తిరుగుతుంది. టైరు పట్టు జారగానే ఆ మెలిక ఒక్కసారిగా విడుతుంది, టైరు మళ్లీ నేలని పట్టుకుంటుంది, మళ్లీ మెలిక పడుతుంది. ఇది వేగంగా జరిగితే వెనక చక్రాలు దడదడమని కొట్టుకుంటాయి. గట్టిగా బ్రేక్ వేస్తే ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది.

మొదట జబ్బేదో తేల్చుకోండి

అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఇందుకు మంచి పరీక్షా స్థలం. ఖాళీ బండిని ర్యాంప్ మీద ఆపి, మొదటి గేర్‌లో మామూలుగా కదిలించండి. పక్కన, బండికి దూరంగా ఒక స్టాండ్ మీద ఫోన్ పెట్టి, కెమెరాని వెనక చక్రం ఎత్తులో యాక్సిల్ వైపు తిప్పి స్లో మోషన్‌లో వీడియో తీయండి. ర్యాంప్ దారిలో, ముఖ్యంగా బండికి కింద వైపు, మనిషెవరూ నిలబడకూడదు. కదిలే క్షణంలో యాక్సిల్ ముక్కు పైకి లేచి మళ్లీ పడుతున్నట్టు కనిపిస్తే మెలిక సమస్య ఉన్నట్టే.

"ధన్"మని ఒక్క దెబ్బే వినిపించి, యాక్సిల్ మాత్రం కదలకపోతే తొందరపడకండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల్లో (యూనివర్సల్ జాయింట్లలో) ఆట ఉన్నా అదే శబ్దం వస్తుంది. చదును నేల మీద చక్రాలకి ముందూ వెనకా గుట్కాలు (బండి దొర్లకుండా ఆపే దిమ్మెలు) పెట్టి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పండి. క్రాస్ దగ్గర టకటకమని కదిలితే ముందు దాన్ని మార్చండి. సస్పెన్షన్ మీద పెట్టే డబ్బు మిగులుతుంది.

ఫ్లైఓవర్ వంపులో జాయింట్ తగలగానే వెనక భాగం పక్కకి అడుగు వేసినట్టు జరిగితే, అనుమానం షాక్‌ల (షాక్ అబ్జార్బర్ల) మీదా, కమాన్ కొసల్లోని బుష్‌ల మీదా, టైరు గాలి మీదా పెట్టుకోవాలి. లోడుతో ఔటర్ రింగ్ రోడ్డు ఇంటర్‌ఛేంజ్ లూపు ఎక్కినప్పుడు బండి ఒక పక్కకి ఒరిగిపోతూ ఉంటే అది వేరే జబ్బు, దాని సంగతి కింద ఉంది. అనంతగిరి ఘాట్ దాటి మట్టి ఎక్కుడులోకి దిగాక చక్రాలు దడదడలాడితే మెలికా, బలహీనమైన షాక్‌లూ రెండూ కలిసినట్టు.

ఇక టైరు గాలి. పికప్‌లకి లోడుకి ఒక ప్రెషర్, ఖాళీకి ఒక ప్రెషర్ ఉంటాయి. తలుపు దగ్గరి స్టిక్కర్ మీదో, ఓనర్స్ మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. పెట్రోల్ బంకులో కుర్రాడు అడగకుండానే లోడు ప్రెషర్ కొట్టేస్తాడు, ఆ గాలితోనే ఖాళీ బండి తిరుగుతూ ఉంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు సరిచూసి మళ్లీ నడపండి. కొందరికి పని ఇక్కడితోనే అయిపోతుంది.

కిందికి దూరి చూడాల్సినవి

జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు, హాలో బ్రిక్స్ అస్సలు నమ్మొద్దు, అవి హెచ్చరించకుండా పగులుతాయి. బరువుకి తగిన స్టాండ్లు వేసి, ముందు చక్రాలకి రెండు వైపులా గుట్కాలు కొట్టి, బండిని ఒకసారి ఊపి చూశాకే దూరండి.

టార్చ్ వేసి, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల దగ్గర చూడండి. కట్టకీ యాక్సిల్ సీటుకీ మధ్య ఎర్రటి తుప్పు పొడి రాలుతున్నా, ఇనుము రుద్దుకుని తెల్లగా మెరుస్తున్నా అక్కడ కదలిక ఉన్నట్టు. కట్ట మధ్యలో సెంటర్ బోల్ట్ ఉంటుంది. దాని తల యాక్సిల్ సీటులోని రంధ్రంలో కూర్చుని, యాక్సిల్ ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. అది విరిగితే బయటికి ఏమీ కనిపించదు, యాక్సిల్ మాత్రం ఒక వైపు కాస్త వెనక్కి జరిగిపోతుంది. అందుకే టేపు తీయండి. కమాన్ ముందు కన్ను (ఛాసిస్‌కి తగిలించే గుండ్రటి కొస) బోల్ట్ మధ్య నుంచి యాక్సిల్ మధ్య దాకా ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత అని కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. తేడా కనిపిస్తే మిగతా అప్‌గ్రేడ్‌ల మాట పక్కన పెట్టి ముందు అది సరిచేయించండి.

తర్వాత కమాన్ కళ్లలోని బుష్‌లు. టైర్ లివర్ లాంటి రాడ్‌ని కన్ను పక్కన ఆనించి ఎత్తి చూడండి. రబ్బరు కాస్త సాగడం మామూలే. కన్ను మొత్తం కదిలినా, రబ్బరు ఒక పక్కకి నలిగి బోల్ట్ ఇంకో పక్కకి చేరినా మార్చాల్సిందే. కట్ట వెనక కొసని ఛాసిస్‌కి కలిపే కదిలే లింకు, షాకిల్ దగ్గరా అంతే. పట్టీలను కలిపి పట్టుకునే క్లిప్పులు ఊడిపోయి ఉంటే వాటినీ రాసుకోండి, మెలికని ఆపడంలో వాటికీ భాగం ఉంది. పట్టీల్లో పగుళ్లు చూసేటప్పుడు సెంటర్ బోల్ట్ చుట్టూ, కన్ను వంపు దగ్గరా వైరు బ్రష్ కొట్టి మరీ చూడండి.

పాతవి బాగు చేయడమే సగం అప్‌గ్రేడ్

చిరిగిన బుష్‌లు అలాగే ఉంచి ఖరీదైన షాక్‌లు వేయడం కాలు విరిగినవాడికి కొత్త బూట్లు కొనివ్వడంలాంటిది. బుష్‌లలో రెండు రకాలు దొరుకుతాయి. రబ్బరువి మెత్తగా ఉంటాయి, శబ్దం చేయవు, గ్రీజు అడగవు. పాలీయూరితేన్‌వి గట్టిగా ఉండి యాక్సిల్‌ని బాగా పట్టుకుంటాయి కానీ గ్రీజు ఎండితే కిర్రుకిర్రుమంటాయి. రోజూ ఊళ్లో తిరిగే బండికి నేనైతే కంపెనీ రబ్బరుకే ఓటేస్తాను. లోడూ, ఘాట్ రోడ్డూ ఎక్కువైతే పాలీ ఆలోచించవచ్చు.

రబ్బరు బుష్‌లు వేయించేటప్పుడు ఒక్క విషయం మీరే దగ్గరుండి చూసుకోండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు చివరిదాకా బిగించకూడదు. అలా బిగిస్తే బుష్ ఆ వేలాడే కోణంలోనే అతుక్కుపోతుంది. బండిని కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి, ఇక ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది. తొందరగా చిరుగుతుంది, బండి ఎత్తు కూడా తేడాగా కనిపిస్తుంది. ముందు వదులుగా ఎక్కించి, బండిని తన చక్రాల మీద నిలబెట్టి, ఒకటి రెండుసార్లు ముందుకీ వెనక్కీ కదిపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. షాపులో "ఏం కాదు సార్" అంటారు. కాదనండి.

యూ బోల్టులు ఒకసారి విప్పితే మళ్లీ పాతవే వేయకండి. బిగింపుకి అవి సాగి ఉంటాయి, మరలు కూడా దెబ్బతిని ఉంటాయి. కొత్తవి రాణిగంజ్ స్పేర్ల షాపుల్లోనో, వనస్థలిపురం వైపు ఆటోనగర్‌లోనో కొలత చెబితే ఇస్తారు. మూడు కొలతలు కావాలి: రాడ్ మందం, రెండు కాళ్ల మధ్య లోపలి వెడల్పు, కాలు పొడవు. పాతది ఒకటి చేతిలో పట్టుకెళ్తే ఇంకా మంచిది. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, రెండు వైపులా మరలు సమానంగా బయటికి వచ్చేలా బిగించాలి. ఎంత టార్క్ అన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే లెక్క. పొడవు పైపు తగిలించి బలం కొద్దీ లాగడం లెక్క కాదు. పాత నట్లు రాక గ్యాస్‌తో కోయాల్సి వస్తే మంట కమాన్ పట్టీకి తగలనివ్వకండి. వేడికి ఆ ఉక్కు పదును పోయి, కొన్నాళ్లకి అక్కడే విరుగుతుంది.

షాక్‌లు: ఊపుని ఆపేవి ఇవే

కమాన్ ఎగిరితే దాన్ని ఆపే పని షాక్‌ది. పట్టీల మధ్య రాపిడి కూడా కొంత ఆపుతుంది కానీ దాని మీద ఆధారపడలేం. పాత షాక్ పని చేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. స్పీడ్ బ్రేకర్లు ఉన్న కాలనీ రోడ్ల మీద కాసేపు నడిపి ఆపి, రెండు వెనక షాక్‌ల ఒంటి మీద చేతి వెనక భాగం జాగ్రత్తగా దగ్గరికి తెచ్చి చూడండి. పని చేసే షాక్ ఆ ఊపునంతా వేడిగా మార్చుకుంటుంది, అందుకే వెచ్చబడుతుంది. ఒకటి వెచ్చగా, ఇంకోటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది ఊరికే వేలాడుతున్నట్టే. నూనె కారి దుమ్ము ముద్దకట్టి ఉంటే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. మార్చేటప్పుడు ఎప్పుడూ జతగానే మార్చాలి.

కొత్తవి కొనేముందు చూడాల్సింది బ్రాండ్ కంటే పొడవు. బండి ఖాళీగా నిలబడినప్పుడు షాక్ తన చలనంలో ఎక్కడుందో చూడండి. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు షాక్ అడుగుని తాకకముందే బంప్ స్టాప్ (ఛాసిస్ కింది రబ్బరు దిమ్మె) తగలాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు షాక్ చివరిదాకా లాగబడి, యాక్సిల్ బరువంతా దాని మీద పడకూడదు. బండిని కాస్త ఎత్తు చేయించుకున్నవాళ్లు పాత పొడవు షాక్‌లే ఉంచుకోవడం తరచుగా కనిపిస్తుంది, అవి తొందరగా పోవడానికి కారణం అదే. గ్యాస్ నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాక్‌లు వేడిని బాగా వదులుతాయి కాబట్టి లోడుతో దూరాలు తిరిగేవాళ్లకి పనికొస్తాయి. ఊళ్లో తిరిగే బండికి మంచి ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్నది) చాలు.

చాలా పికప్‌లలో వెనక షాక్‌లలో ఒకటి యాక్సిల్‌కి ముందు, ఇంకోటి వెనక ఉంటుంది. తయారీలో పొరపాటు అనుకోకండి. యాక్సిల్ తిరగబోతే ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి ఎదురు తోస్తాయి. ఎవరైనా "రెండూ ఒక పక్కకి మార్చేద్దాం, అందంగా ఉంటుంది" అంటే వద్దనండి.

మెలికకి మందు: ట్రాక్షన్ బార్

పైవన్నీ చేశాక కూడా ర్యాంప్ వీడియోలో యాక్సిల్ ముక్కు లేస్తుంటే అప్పుడు ట్రాక్షన్ బార్ సంగతి చూడాలి. ఇది యాక్సిల్ నుంచి ముందుకి వెళ్లి ఛాసిస్‌కి తగిలే గట్టి రాడ్. హౌసింగ్ తిరగబోతే ఆ బలాన్ని కమాన్‌కి బదులు ఛాసిస్‌కి చేరవేస్తుంది.

ఇందులో చిక్కంతా కొలతల్లో ఉంది. యాక్సిల్ పైకీ కిందికీ పోయేటప్పుడు కమాన్ గీసే వంపు ఒకటి, రాడ్ గీసే వంపు ఇంకోటి. రాడ్‌ని రెండు కొసలా కదలకుండా కట్టేస్తే ఈ రెండూ కొట్లాడుకుని సస్పెన్షన్ బిగుసుకుపోతుంది. బండి గుంతలో దిగనంటుంది, చివరికి బ్రాకెట్టో వెల్డింగో విరుగుతుంది. అందుకే రాడ్ ముందు కొస చిన్న షాకిల్ మీద కదిలేలా ఉండాలి. లేదంటే కొసకి రబ్బరు దిమ్మె ఉండి, కమాన్ ముందు కన్ను కింద మాత్రమే వచ్చి తాకే రకం తీసుకోవాలి. రెండో రకం సులువు, చవక, తీసేయడం కూడా తేలిక. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకి నేను చెప్పేది అదే.

యాక్సిల్ గొట్టానికి నేరుగా వెల్డింగ్ చేయించకండి. వేడికి గొట్టం వంగితే లోపలి షాఫ్టులు, బేరింగులు, సీళ్లు అన్నీ బాధపడతాయి. బోల్టులతో బిగించే క్లాంప్ రకం అడగండి. ఛాసిస్ వైపు కూడా ఉన్న రంధ్రాలను వాడుకునే బ్రాకెట్ దొరికితే అదే నయం. బాలానగర్ వైపు లేత్ పని చేసేవాళ్లతో బ్రాకెట్ చేయించుకున్నా, ముందు అట్టముక్కతో నమూనా కోసి బండికి ఆనించి చూశాక ఇనుము కోయించండి. ఎక్కడైనా వెల్డింగ్ తప్పకపోతే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్ పైపులూ బ్రేకు పైపులూ దూరంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

యాక్సిల్‌కీ కట్టకీ మధ్య దిమ్మె పెట్టి బండిని లేపే పద్ధతి ఒకటుంది. చవక అని ఆశపడతారు. ఆ దిమ్మె ఎత్తు పెరిగే కొద్దీ యాక్సిల్‌కి కమాన్‌ని మెలితిప్పే పట్టు పెరుగుతుంది. దిమ్మె మీద దిమ్మె పెట్టిన బండిని చూస్తే నాకు టెన్షన్.

బండి ఎత్తు మారినా, కట్టల్లో పట్టీలు మారినా షాఫ్ట్ కోణం చూసుకోండి. ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌ని గేర్‌బాక్స్ అంచు మీద, షాఫ్ట్ మీద, యాక్సిల్ ముక్కు అంచు మీద పెట్టి మూడు అంకెలూ రాసుకోండి. పని మొదలెట్టకముందే ఒకసారి కొలిచి ఉంచుకుంటే పోల్చడానికి పనికొస్తుంది. పని తర్వాత ఒక వేగం దగ్గర కొత్తగా వణుకు మొదలైతే కోణం చెడినట్టు అనుకోవచ్చు. కట్టకీ సీటుకీ మధ్య వేసే వాలు షిమ్‌లతో (ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉండే బిళ్లలతో) సరిచేస్తారు.

ఒరుగుడు, లోడు

లూపుల్లో ఒరిగే బండికి వెనక యాంటీ రోల్ బార్ (రెండు పక్కలనీ కలిపి ఒరుగుడుని ఆపే రాడ్) వేస్తే మార్పు వెంటనే తెలుస్తుంది. కానీ వెనక పక్కని మరీ గట్టి చేస్తే వానలో ఖాళీ బండి తోక జాడించే అవకాశం పెరుగుతుంది. గుంతల దారిలో ఒక చక్రం లేచి ఇంకోటి దిగే స్వేచ్ఛ కూడా తగ్గుతుంది. చేవెళ్ల నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి నిండుగా కూరగాయలు తెచ్చే బండికి ఇది మేలు చేస్తుంది. వారాంతంలో అడవి దారులు పట్టే వీ-క్రాస్‌కి అంతగా కాదు.

రోజూ లోడు, వెనక్కి ఖాళీ అనే బండికి పట్టీ పెంచడం కంటే యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య వేసే గాలి బ్యాగులు నయం. లోడు ఉన్నప్పుడు గాలి, లేనప్పుడు తగ్గించడం. ఎప్పుడూ లోడే అయితే అప్పుడు హెల్పర్ పట్టీ (కట్టకి సాయంగా అదనంగా వేసే పట్టీ) సబబు. రెండు పక్కలా ఒకే మందం, ఒకే వంపు ఉన్నవి వేయించండి.

ఇక్కడ ఒక ప్రమాదం చాలామందికి తెలియదు. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఒక చిన్న రాడ్ ఛాసిస్ మీది బ్రేక్ వాల్వ్‌కి వెళ్తుంది. బండి వెనక ఎంత కూర్చుందో చూసి, లోడుని బట్టి వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచే వాల్వ్ అది. మీరు పట్టీ వేసి బండిని లేపితే, నిండా లోడు ఉన్నా ఆ వాల్వ్ ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకు తగ్గి, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. మీ బండిలో ఆ రాడ్ ఉంటే ఎత్తు మారిన ప్రతిసారీ మాన్యువల్ ప్రకారం సరిచేయించాలి.

ఎన్ని పట్టీలు వేసినా ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడ్‌కి రూ. 20,000, అదనంగా ఉన్న ప్రతి టన్నుకీ రూ. 2,000 జరిమానా. 52వ సెక్షన్ బండిలో చేసే మార్పుల గురించి, దానికి విరుద్ధంగా మార్చిన యజమానికి 182ఎ సెక్షన్ కింద మార్పుకి రూ. 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అరిగిన బుష్, షాక్, యూ బోల్ట్ స్థానంలో అదే రకం కొత్తది వేయడం మామూలు రిపేరే. ఎత్తు పెంచడం, ఛాసిస్‌కి కొత్త బ్రాకెట్లు బిగించడం లాంటివి చేసేముందు ఆర్‌టీఏ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనూ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

పని అయ్యాక

ఒకేసారి అన్నీ మార్చకండి. ఒక పని, ఒక పరీక్ష. అదే ర్యాంప్, అదే ఫోన్ చోటు, అదే టైరు ప్రెషర్. తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో మొదలెట్టి బ్రేకు పరీక్షించండి, బండి ఒక పక్కకి లాగుతోందేమో చూడండి. ఫ్లైఓవర్ వంపులూ, ఔటర్ రింగ్ రోడ్డు వేగాలూ ఆ తర్వాతే.

బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కన ప్లేటు మీదా కలిసేలా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. దాదాపు ఐదు వందల కిలోమీటర్లు నడిచాక కిందికి దూరి చూస్తే ఏ నట్టు తిరిగిందో గీతే చెబుతుంది. గీత కదలకపోయినా యూ బోల్టులకి మాత్రం ఆ సమయంలో ఒకసారి టార్క్ రెంచ్ పెట్టాల్సిందే. కొత్త పట్టీలు సర్దుకుని ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, నట్టు తిరగకుండానే బిగింపు తగ్గుతుంది.